కొరియాలో ఒక్కరే తినాలంటే: బున్‌షిక్ హోటళ్ల సంగతి

అడిగిన ప్రశ్న ఇది: "సెప్టెంబర్‌లో ఎమ్మెస్‌కి సువాన్ వస్తున్నాను. డ్రామాల్లో ఎర్ర టెంటు కింద తినేవి, స్కూల్ పిల్లలు వెళ్లే చిన్న హోటళ్లు, ఇవన్నీ ఒకటేనా? ఒక్కడినే వెళ్లి తినొచ్చా? బీఫ్, పోర్క్ తినను. కారం మనకు ఆనుతుందా? నెలకు ఖర్చు ఎంతవుతుందో అని కొంచెం టెన్షన్‌గా ఉంది."

ఒక్కడినే వెళ్లొచ్చా అన్నదానితో మొదలుపెడతాను. కొత్తగా వచ్చిన మనవాళ్లను మొదటి నెలలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. కొరియాలో చాలా హోటళ్లలో వంటకం బల్ల మధ్యలో పెట్టి నలుగురూ కలిసి తింటారు. పొయ్యి మీద కాల్చుకునే మాంసం, పెద్ద పళ్లెంలో వచ్చే దక్‌గల్బి అనే కోడి వేపుడు, కుండలో మరిగే పులుసులు, ఇలాంటి వాటికి కనీసం ఇద్దరి ఆర్డర్ ఉండాలి. ఒక్కరే వెళ్తే వేళ్లతో రెండు చూపించి, మొహమాటంగా నవ్వి పంపేస్తారు. కోపం తెచ్చుకోకండి, వాళ్ల లెక్క అంతే. బున్‌షిక్ హోటల్లో, అంటే మీరడిగిన స్కూల్ పిల్లలు వెళ్లే చిన్న హోటల్లో, ఆ బాధ లేదు. ఒక్కరు వచ్చి కూర్చుని, పది నిమిషాల్లో తిని, లేచి వెళ్లిపోవడం అక్కడ మామూలు. డ్యూటీ మధ్యలో టాక్సీ డ్రైవర్లు, ట్యూషన్‌కి పరుగెత్తే హైస్కూల్ పిల్లలు, రాత్రి షిఫ్ట్ దిగిన నర్సులు, అందరూ అలాగే తింటారు. అందుకే వచ్చిన వారంలోనే మీ గది చుట్టుపక్కల ఒక బున్‌షిక్ హోటల్ చూసిపెట్టుకోండి.

ఇక టెంటు గొడవ. డ్రామాల్లో రాత్రిపూట ఎర్ర టెంటు కింద హీరోయిన్ ఏడుస్తూ ఆకుపచ్చ సీసా ఖాళీ చేసేది పోజాంగ్‌మచా. అది ప్రధానంగా తాగే చోటు. కోడికాళ్ల వేపుడు, సముద్రపు గుల్లలు, వేడి ఉడాన్ నూడుల్స్, పక్కన సోజు అనే మద్యం. సియోల్‌లో జోంగ్నో 3-గా దగ్గర సాయంత్రమైతే వరసగా వెలుస్తాయి. అక్కడ కడుపు నింపుకోవాలంటే జేబుకు చిల్లు. పగలు రోడ్డు పక్క బండి మీద పుల్లలకు గుచ్చిన చేప కేకులు, ఎర్రటి పులుసులో ఉడికే బియ్యప్పిండి కడ్డీలు, అంటే తొక్‌పొక్కి, అమ్మేవి వేరు, వాటి దగ్గర నిలబడి తిని వెళ్లిపోవడమే. అవే తిళ్లు గోడల మధ్య, నాలుగు బల్లలేసి, కింబాప్ అనే అన్నం చుట్టలు, నూడుల్స్, అన్నం వంటకాలతో కలిపి అమ్మితే అది బున్‌షిక్ హోటల్. డ్రామాల వాళ్లు కెమెరా కోసం మూడింటినీ కలిపేస్తుంటారు.

ఈ హోటల్లోకి అడుగుపెడితే ఎవరూ వచ్చి మెనూ ఇవ్వరు. గోడ నిండా పేర్లు, ధరలు ఉంటాయి, కొన్నిచోట్ల అరవై డెబ్బై రకాలు. బల్ల మీద చిన్న కాగితం, పెన్ను ఉంటే కావలసినదాని పక్కన అంకె వేసి ఇవ్వాలి. ఇప్పుడు చాలాచోట్ల గుమ్మం దగ్గరే టచ్‌స్క్రీన్ పెట్టేశారు. చెంచా, చాప్‌స్టిక్స్ బల్ల అంచున సొరుగులో ఉంటాయి, లాగి చూడండి. మంచినీళ్లు మనమే తెచ్చుకోవాలి. పసుపుపచ్చని ముల్లంగి ఊరగాయ, దన్‌ముజి, అదీ మనమే పెట్టుకోవాలి, ఎన్నిసార్లు పెట్టుకున్నా డబ్బులు అడగరు. టిప్ అనే మాటే లేదు.

వడ్డించే ఆవిడను పిలవాలంటే "ఇమో" అనండి. అమ్మ చెల్లెల్ని, అక్కని వాళ్లు పిలిచే పిలుపు అది. యాభై దాటినవాళ్లను అలా పిలిస్తే ముచ్చటపడతారు, విదేశీ కుర్రాడి నోట వింటే ఇంకో గరిటె ఎక్కువే పడుతుంది. పడుచువాళ్లను మాత్రం అనకండి. "యొగియో", అంటే "ఇక్కడండీ", అని పిలిస్తే చాలు.

తొక్‌పొక్కి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఒక హోటల్ మంచిదో కాదో దాంతోనే తేలిపోతుంది. వేలంత లావు బియ్యప్పిండి కడ్డీలు, చేప కేకు ముక్కలు, ఉల్లికాడలు, వీటిని గోచుజాంగ్, మిరప్పొడి, పంచదార కలిపిన పులుసులో ఉడికిస్తారు. గోచుజాంగ్ అంటే మిరప్పొడి, సోయా పిండి, జిగురు బియ్యం కలిపి పులియబెట్టిన ముద్ద. పాతకాలంలో రాజుల ఇళ్లలో తొక్‌పొక్కి అంటే సోయా సాస్, మాంసం వేసి చేసే వేపుడే, ఎరుపు లేదు. ఎర్రటిది సియోల్‌లో సిన్‌దాంగ్-దోంగ్ వీధిలో 1953లో మా బోక్-రిమ్ అనే ఆవిడ మొదలుపెట్టారని చెబుతారు. చైనీస్ హోటల్లో నల్ల సాస్ నూడుల్స్‌లో పొరపాటున ఒక తొక్, అంటే బియ్యప్పిండి కడ్డీ, ముక్క పడిందని, తిని చూస్తే బాగుందని, అదే పనిగా గోచుజాంగ్‌తో చేశారని కథ. ఆ వీధి ఇప్పుడు తొక్‌పొక్కి హోటళ్ల వీధిగా ఉంది, సబ్‌వేలో సిన్‌దాంగ్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. అక్కడి పద్ధతి వేరే. బల్ల మీదే గ్యాస్ పొయ్యి, వెడల్పు గిన్నెలో తొక్, రామ్యొన్ నూడుల్స్, ఉడికిన గుడ్డు, క్యాబేజీ పచ్చిగానే పెట్టేసి వెళ్తారు. మనమే ఉడికించుకోవాలి. చివర్లో మిగిలిన పులుసులో అన్నం వేయించి ఇస్తారు, అసలు రుచి దానిదే. అయితే అది ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లే వ్యవహారం. స్నేహితులు దొరికాక వెళ్లండి.

పేటలోని హోటల్లో మాత్రం గుమ్మం పక్కనే చదరపు స్టీలు పళ్లెంలో పొద్దంతా ఉడుకుతూనే ఉంటుంది. దాన్ని చూడటం తెలియాలి. అప్పుడే వేసినదైతే పులుసు పలచగా ఉంటుంది, కడ్డీల లోపలికి ఉప్పూకారం పట్టదు. మరీ సేపు ఉంటే కడ్డీలు ఉబ్బి, అంచులు విడిపోయి, పులుసు జిగురుగా మారుతుంది. మంచి హోటల్లో ఆవిడ చేతిలో బల్లపరుపు గరిటె ఆగదు. కాసేపటికోసారి పక్కనున్న చేప కేకుల గిన్నెలోంచి ఒక గరిటె నీళ్లు తీసి పళ్లెంలో పోస్తుంది, అడుగంటకుండా అంచుల నుంచి మధ్యకు తోస్తుంది. పులుసు గరిటె వీపుకు అంటుకుని నెమ్మదిగా జారుతుంటే, కడ్డీ పైన ఎర్రగా మెరుస్తుంటే, అడిగి పెట్టించుకోవాల్సిన సమయం అదే. స్కూళ్లు వదిలే వేళ, సాయంత్రం నాలుగు దాటాక, పళ్లెం తొందరగా ఖాళీ అవుతుంది కాబట్టి ఆ టైంలో వెళ్తే పాతది దొరకదు. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ హోటల్లో పళ్లెం నిండుగా ఉంటే నేనైతే కింబాప్ తిని వచ్చేస్తాను.

కడ్డీల్లోనూ రెండు జాతులున్నాయి. బియ్యంవి మెత్తగా సాగుతాయి, చల్లారితే గట్టిపడతాయి. గోధుమపిండివి కాస్త నునుపుగా, తేలిగ్గా తెగుతాయి, పులుసును బాగా పీల్చుకుంటాయి. బియ్యంవి గొప్పవని కొత్తవాళ్లు అనుకుంటారు గానీ నలభై దాటిన కొరియన్లను అడిగితే చాలామంది గోధుమవాటికే ఓటేస్తారు. చిన్నప్పుడు తిన్న రుచి అదే మరి. యుద్ధం తర్వాత అక్కడ బియ్యం కరువు, అమెరికా సాయంగా వచ్చే గోధుమలేమో దండి. 1960లు, 70లలో అన్నంలో వేరే గింజలు కలపమని, గోధుమపిండి తిళ్లు తినమని ప్రభుత్వం పెద్ద ఉద్యమం నడిపింది. బడిలో టీచర్లు పిల్లల లంచ్ బాక్సులు తెరిపించి అన్నంలో బార్లీ కలిపారా లేదా అని చూసేవారు. వారంలో కొన్ని పూటలు హోటళ్లలో బియ్యం వంటలు అమ్మకూడదని నిబంధన కూడా పెట్టారు. దేశంలో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ని సమ్యాంగ్ కంపెనీ 1963లో పది వోన్లకు అమ్మకానికి పెట్టిందీ ఆ రోజుల్లోనే. నూడుల్స్, మాండు కుడుములు, గోధుమ తొక్, అన్నీ అమ్మే చవక బున్‌షిక్ హోటళ్లు అలా పుట్టాయి. 70ల చివరికి బియ్యం సమృద్ధిగా పండాక ఆ నిబంధనలు పోయాయి, హోటళ్లు మాత్రం మిగిలాయి. తర్వాత కథ అడ్డం తిరిగింది. బియ్యం మిగిలిపోయే కాలం వచ్చాక, 2009లో తొక్‌పొక్కి కోసమే ఒక పరిశోధనా సంస్థ పెట్టారు! ఎగుమతి ప్యాకెట్ల మీద విదేశీయుల నోరు తిరగడానికి పేరు కుదించి "తొపొక్కి" అని రాసింది అప్పుడే.

తొక్‌పొక్కి ఒక్కటే తెప్పించుకోవడం అంత తెలివైన పని కాదు. ఇక్కడివాళ్లు తొక్‌పొక్కి, ట్విగిమ్, సున్‌దే కలిపి ఒక సెట్‌గా అడుగుతారు. సున్‌దే మీకు పనికిరాదు. అది పంది పేగులో రక్తం, పిండి నూడుల్స్ కూరి ఉడికించేది, పేరు చూసి ఐస్‌క్రీం అనుకునేరు. దాన్ని సియోల్‌లో ఉప్పుతో, బూసాన్‌లో సోయా ముద్దతో, జొల్లా వైపు పుల్లటి గోచుజాంగ్‌తో, జేజు దీవిలో సోయా సాస్‌తో తింటారు. మనం తినకపోయినా, ఏ ఊరివాడో కనిపెట్టడానికి ఇది పనికొస్తుంది. తినే స్నేహితులుంటే సువాన్‌లోనే జిదోంగ్ మార్కెట్లో సున్‌దే హోటళ్లు ఒకేచోట బోలెడున్నాయి, పంపించండి.

ట్విగిమ్ మాత్రం వదలొద్దు. మన బజ్జీల బండి లాంటిదే అనుకోండి. చిలగడదుంప, స్క్విడ్, కూరగాయలు, మాంసం కూరిన మిరపకాయ (అది మీకొద్దు), ఇంకా కిమ్‌మారి. ఈ కిమ్‌మారి అంటే గాజు నూడుల్స్‌ని సముద్రపు నాచు కాగితంలో చుట్టి వేయించేది. ముందే ఒకసారి వేయించి పేర్చి ఉంచుతారు, అడిగినప్పుడు మళ్లీ నూనెలో వేసి, కత్తెరతో కత్తిరించి ఇస్తారు. వేడి చేయకుండా ఇవ్వబోతే ఆపి అడగండి. "పొముర్యో జుసెయో" అంటే ఆ ముక్కల మీద తొక్‌పొక్కి పులుసు పోసి కలిపి ఇస్తారు. ప్లేటుకు ప్లాస్టిక్ కవర్ తొడిగి దాంట్లో వడ్డిస్తే కంగారు పడకండి, కడిగే పని తప్పించుకోవడానికి బండ్ల మీద అలా చేస్తారు. ఆకుపచ్చ రంగు మీద తెల్ల చుక్కల మెలమైన్ ప్లేటు కనిపిస్తే మాత్రం మీరు సరైన చోటికే వచ్చారని అర్థం.

చేప కేకు పుల్లలు, వాటిని ఒముక్ అనీ ఒదెంగ్ అనీ అంటారు, మీకు బాగా కలిసొస్తాయి. చేప మాంసం, పిండి కలిపి పలచగా చేసి, మడిచి పుల్లకు గుచ్చి, ముల్లంగి, సముద్రపు నాచు, ఎండు నెత్తళ్లు వేసిన నీళ్లలో ఉడకబెడతారు. మనమే తీసుకుని, బ్రష్‌తోనో సీసాతోనో సోయా సాస్ రాసుకుని తినాలి. చివర్లో పుల్లలు లెక్కపెట్టి డబ్బులిస్తాం, ఎవరూ కాపలా కాయరు. పక్కన కాగితం గ్లాసులుంటాయి, ఆ వేడి చారు ఎంత తాగినా ఉచితం. జనవరిలో మైనస్ పది డిగ్రీల గాలిలో బస్సు కోసం నిలబడినప్పుడు దాని విలువ తెలుస్తుంది. బూసాన్ వెళ్తే అదే గిన్నెలో లావుపాటి తొక్ కూడా పుల్లకు గుచ్చి ఉంటుంది, కారం లేకుండా తినడానికి బాగుంటుంది.

మీ రోజువారీ తిండి మాత్రం కింబాప్. నువ్వుల నూనె, ఉప్పు కలిపిన అన్నంలో గుడ్డు, క్యారెట్, పాలకూర, దన్‌ముజి పెట్టి నాచు కాగితంలో చుట్టి కోస్తారు. 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత వెయ్యి వోన్ల కింబాప్‌తో "కింబాప్ చొన్‌గుక్" అన్న బోర్డులు దేశమంతా లేచాయి. ఇప్పటికీ ఆ పేరు ప్రతి పేటలో కనిపిస్తుంది, అన్నీ ఒకే యజమానివి కావు, కాబట్టి ఒకదాంట్లో బాగుంటే ఇంకోదాంట్లో బాగుండాలని లేదు. ఇప్పుడు వెయ్యికి రాదు లెండి, మామూలు చుట్ట 3,500 నుంచి 4,500 వోన్లు. తొక్‌పొక్కి ప్లేటు 4,000–5,000, రామ్యొన్ కూడా దాదాపు అంతే. వెయ్యి వోన్లు అటూఇటుగా 60 రూపాయలు. కింబాప్, రామ్యొన్ కలిపి తింటే 500 రూపాయల దరిదాపుల్లో పూట గడుస్తుంది. హైదరాబాద్ లెక్కలో ఎక్కువే, సువాన్‌లో బయట తినడానికి ఇంతకంటే చవక దారి యూనివర్సిటీ క్యాంటీన్.

బీఫ్, పోర్క్ విషయంలో జాగ్రత్త ఇక్కడే. మామూలు కింబాప్‌లో హామ్ ఉంటుంది, అది పందిది. "హేమ్ ప్పే జుసెయో", అంటే హామ్ తీసేయండి అని. చుట్టేది మీ కళ్లముందే కాబట్టి తీసి చుట్టమనడం సులువు. చామ్‌చి కింబాప్ అంటే ట్యూనా చేపది, అందులోనూ కొందరు హామ్ వేస్తారు, చెప్పడం మర్చిపోవద్దు. రామ్యొన్ పొడిలో చాలా రకాలకు బీఫ్ సారం కలుస్తుంది. తొక్‌పొక్కి పులుసుకు మామూలుగా నెత్తళ్ల చారే గానీ, కొన్ని హోటళ్లలో బీఫ్ రుచి పొడి, దాషిదా, ఒక చెంచా వేస్తారు. పట్టింపు గట్టిగా ఉంటే అడగాల్సిందే. మాండులో పోర్క్ ఉంటుంది, దొన్‌కస్ అంటే పోర్క్ కట్లెట్. బండి మీద హాట్‌డాగ్ కొంటే లోపల సాసేజ్ బదులు మొత్తం చీజ్ ఉన్నది అడగండి.

మీ రూమ్మేట్ ఎవరైనా పూర్తి శాకాహారి అయితే ఇబ్బందే, మొహమాటం లేకుండా చెప్తున్నాను. నెత్తళ్ల చారు లేని తొక్‌పొక్కి పేట హోటల్లో దొరకడం కష్టం. కింబాప్‌లోంచి హామ్, పీత రుచి చేప కడ్డీ, చేప కేకు మూడూ తీయించుకోవాలి, గుడ్డు తినకపోతే అదీ. స్క్విడ్ వేగిన నూనె అన్న పట్టింపు లేకపోతే చిలగడదుంప ట్విగిమ్, కిమ్‌మారి నడుస్తాయి. తీపిలో పంచదార, దాల్చినచెక్క, వేరుశనగ పెట్టి పెనం మీద ఒత్తే హొత్తొక్ ఉంది. బూసాన్‌లో నంపో-దోంగ్ దగ్గర దాన్ని కత్తెరతో చీల్చి లోపల గుప్పెడు గింజలు పోసి ఇస్తారు, ఆ ఒక్కదానికే క్యూలో నిలబడొచ్చు. చలికాలంలో చేప ఆకారంలో ఎర్ర చిక్కుడు పూర్ణం పెట్టిన బుంగొప్పాంగ్ వస్తుంది, చేప ఉండదు, పిండిలో గుడ్డు ఉండొచ్చు. చలికాలంలో జేబులో 3,000 వోన్లు నోట్లుగా ఉంచుకోవాలని వాళ్లలో ఒక సరదా మాట. ఆ బండి ఎప్పుడు ఎదురవుతుందో తెలియదు, దాని దగ్గర కార్డు చెల్లదు. బండ్లు ఎక్కడున్నాయో చూపించే యాప్‌కి కూడా ఆ 3,000 వోన్ల పేరే పెట్టారు. బండి మీద అంటించిన అంకెలు ఫోన్ నంబర్ కాదు, డబ్బు పంపాల్సిన బ్యాంకు ఖాతా. మీకు ఇక్కడి ఖాతా తెరుచుకునేదాకా నోట్లు దగ్గర పెట్టుకోండి.

కారం సంగతి. పేట హోటల్లో తొక్‌పొక్కికి ముందు తీపే తగులుతుంది, కారం వెనకాల వస్తుంది. గుంటూరు మిరపతో పెరిగిన నాలుకకు మొదట ఇదేం కారం అనిపిస్తుంది. ఆ ధీమాతో పెద్ద చెయిన్ హోటళ్లలో ఎక్కువ స్థాయి మాత్రం ఆర్డర్ ఇవ్వకండి. అక్కడ చొంగ్యాంగ్ అనే ఘాటు మిరప, కొన్నిచోట్ల కారం సారం కూడా వాడతారు. మన కారంలో ఉప్పు, పులుపు కలిసి తేలిపోతాయి, ఇది పంచదార జిగురులో అంటుకుని నాలుక మీద కూర్చుంటుంది. నీళ్లతో పోదు. పండ్ల రుచితో అమ్మే పాల డ్రింకు, కూల్‌పిస్, పార్సిల్‌తో పాటే అందుకే ఇస్తారు.

మ్యోంగ్‌దోంగ్ రాత్రి బజారుకు అందరూ వెళ్లమంటారు. ఒకసారి చూడండి, తినడానికి కాదు. అదే తిండి పేటలో దాదాపు సగం ధరకు వస్తుంది. సియోల్ వెళ్తే తోంగిన్ మార్కెట్లో నూనెలో వేయించే తొక్‌పొక్కి తినండి, పులుసు లేకుండా అట్టు కాల్చినట్టు పైన కరకరలాడుతుంది. దేగు ఊరు వెళ్తే పలచటి మాండు, నప్‌జాక్ మాండు, తొక్‌పొక్కి పులుసులో ముంచుకు తినేది, బాగుంటుంది గానీ లోపల ఏం పెట్టారో అడిగి తీసుకోండి. స్కూల్ పక్కన స్టేషనరీ షాపును ఆనుకుని ఉండే పాతకాలపు చిన్న హోటళ్లు మాత్రం తగ్గిపోతున్నాయి. పిల్లలే తగ్గిపోయారు, ఉన్నవాళ్లు ఫోన్లో ఆర్డర్ పెడుతున్నారు. అలాంటిది కనిపిస్తే వాయిదా వేయకుండా లోపలికి వెళ్లండి.

వచ్చేముందు ఇంట్లో ఒకసారి వండి చూడాలనుకుంటే, తొక్, గోచుజాంగ్ ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఇద్దరికి పావుకిలో పైన తొక్ గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. రెండు గ్లాసుల నీళ్లలో ముల్లంగి, ఉల్లిపాయ, దొరికితే ఎండు పుట్టగొడుగు వేసి మరిగించి వడకట్టండి. అందులో రెండు పెద్ద చెంచాల గోచుజాంగ్, ఒకటిన్నర పంచదార, ఒకటి సోయా సాస్, ఒకటి మిరప్పొడి, రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, తొక్ వేసి పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. మిరప్పొడికి గుంటూరు కారం వద్దు, రంగు రాకముందే మంట వస్తుంది. వరంగల్ చపాటా మిరప పొడి అయితే రంగు దండిగా, ఘాటు తక్కువగా ఉండి దీనికి సరిగ్గా కుదురుతుంది. ఆ పొడి అరకిలో ప్యాక్ చేసుకుని సూట్‌కేసులో పెట్టుకోండి. ఇక్కడ మిరప్పొడి దొరకదని కాదు, మీ పప్పులోకి, పులుసులోకి ఇక్కడిది నప్పదు.